కిందికి చూడనన్న లెన్సు

ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఊళ్ళో కెమెరా మెళ్ళో వేసుకుని తిరిగేవాళ్ళందరికీ ఆవిడ చెవక్క. ఏ లెన్సు తెచ్చినా ముందు కెమెరాకి తగిలించి, బటను సగం నొక్కి, కుడి చెవి దానికి ఆనించి కళ్ళు మూసుకుంటుంది. లోపల మోటారు తిరిగే సన్నటి గరగర ఎక్కడ సాఫీగా ఉందో, ఎక్కడ తడబడుతోందో విని, "దీనికి దుమ్ము పట్టింది" అనో, "దీన్ని కింద పడేసి నాకు కథలు చెబుతున్నారు" అనో తేల్చేస్తుంది. పడేసినవాళ్ళు నాలుక్కరుచుకుని నిజం ఒప్పేసుకుంటారు. పడెయ్యనివాళ్ళు కూడా ఒకరిద్దరు భయంతో ఒప్పుకున్నారని వినికిడి.

ఈ చెవి విద్య మేనమామది. పదో తరగతి లెక్కల పరీక్ష రెండోసారి కూడా తప్పిన రోజున ఇంట్లో అందరూ తలో మాటా అంటుంటే, ఆయన మాత్రం పక్కన కూర్చుని, "లెక్కలు రావు, సరే. వినడం వచ్చా?" అని అడిగాడు. వచ్చని తలూపింది. మర్నాటి నుంచి ఆయన షాపులో కూర్చుంది. ఇప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. మామయ్య పోయి పన్నెండేళ్ళయింది కానీ ఆయన స్టూలు, ఆయన భూతద్దం, పాడైన లెన్సుల్లోంచి పీకిన ముక్కలు దాచుకున్న ఆయన రేకు డబ్బాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన పెట్టిన పద్ధతులు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి.

లెన్సు వచ్చిన అరగంట వరకూ స్క్రూడ్రైవరు ముట్టుకోకూడదు. ముందు లెన్సు పక్కనుండే చిన్న మీట చూడాలి. ఫోకస్ పట్టట్లేదని లబోదిబోమంటూ వచ్చేవాళ్ళలో సగం మందికి ఆ మీట, చేత్తో తిప్పుకునే వైపుకి జరిగిపోయి ఉంటుంది. దాన్ని వేలితో ఇటు నెడితే వైద్యం అయిపోయినట్టే. అది కాకపోతే లెన్సు వెనక బంగారు రంగులో మెరిసే చుక్కల్ని, కెమెరాలో వాటికి ఎదురుగా ఉండే చుక్కల్ని స్పిరిట్ గుడ్డతో తుడవాలి. అదీ కాకపోతే వేరే కెమెరాకి తగిలించి చూడాలి. ఏం చేసినా, చెయ్యకపోయినా, ఆఖరున మాత్రం ప్రతి లెన్సూ కిటికీ పరీక్ష పాసవ్వాలి.

ఆ కిటికీ సంగతి కాస్త చెప్పాలి. కిటికీ గట్టు మీద మామయ్య ఒక చెక్క పట్టుకొయ్యని నాలుగు స్క్రూలతో బిగించాడు. కెమెరాని అందులో కూర్చోబెడితే తిన్నగా వీధికి అవతలున్న టైలరు షాపు బోర్డుని చూస్తుంది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "కోట్లు, ప్యాంట్లు కుట్టబడును" అని, అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలతో "పాత బట్టలు సరిచేయబడవు" అని ఉంటుంది. ఆ చివరి ముక్క స్పష్టంగా కనబడిందంటే లెన్సు బాగైనట్టు లెక్క. పాపం ఆ టైలరు ఇరవై ఏళ్ళుగా బోర్డుకి కొత్త రంగు వేయించుకుందామని చూస్తున్నాడు. బ్రష్షు పట్టినప్పుడల్లా ఈవిడ పరిగెత్తుకెళ్ళి, "బాబాయ్, నా పొట్ట కొట్టకు" అని అడ్డం పడుతుంది. వీధిలో అన్నిటికన్నా వెలిసిపోయిన బోర్డు ఆయనదే.

చెవక్కకి ఒక తమ్ముడున్నాడు. పెద్ద రోడ్డు మీద కళ్ళజోళ్ళ షాపు పెట్టి బాగా స్థిరపడ్డాడు. ఏసీ, తిరిగే కుర్చీలు, నిలువుటద్దాలు. రెండేళ్ళుగా అక్క చెవిలో జోరీగలా ఒకటే పోరు. "అక్కా, కెమెరాలు ఇంకెవరు కొంటున్నారే? అందరి చేతుల్లోనూ ఫోన్లే. నువ్వొచ్చి నా షాపులో ఫ్రేములు చూపిస్తూ హాయిగా కూర్చో." ఇన్నాళ్ళూ ఆ మాటని నవ్వుతూ తోసేసింది. ఈమధ్య నవ్వడం లేదు.

కారణం ఎవరికీ చెప్పలేదు. ఏడాదిగా కుడి చెవి సరిగ్గా వినబడటం లేదు. లెన్సు ఆనించుకుంటే గరగర వస్తోంది గానీ దాని మీద ఎవరో మందపాటి దుప్పటి కప్పినట్టుంటోంది. ఫోను ఎప్పుడు ఎడమ చెవికి మార్చిందో తనకే గుర్తు లేదు. స్కూలు బస్సు నడిపే భర్త అది గమనించాడు కానీ ఆయనది కదిలించుకుని మాట్లాడే మనస్తత్వం కాదు. మంచం మీద తను పడుకునే వైపు మార్చి, భార్య ఎడమ పక్కకి చేరాడు, అంతే. చెవక్క మాత్రం మనసులో ఒకటే అనుకుంటూ తిరిగింది. చెవి లేని చెవక్కకి షాపెందుకు?

ఆ లెన్సు మొదటిసారి వచ్చింది ఒక సోమవారం పొద్దున. తెచ్చినమ్మాయి ప్రసూతి ఆసుపత్రిలో ఫోటోలు తీస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని గాజుపెట్టెల్లో ఉంచే గది ఒకటుందక్కడ. అందులోకి ఫోన్లు రానివ్వరు, చుట్టాల్ని రానివ్వరు. ఆపరేషనై మంచం దిగలేని తల్లులకీ, జ్వరం ఉండి బిడ్డ దగ్గరికి వెళ్ళకూడని తల్లులకీ ఈ అమ్మాయే రోజూ పొద్దున్నే ఫోటో తీసి, కాగితం మీద వేయించి తీసుకెళ్ళి చూపిస్తుంది. తల్లులు ముందు వేళ్ళు లెక్కపెట్టుకుంటారట. అందుకని బిడ్డ తల నుంచి పాదాల దాకా ఫోటోలో పడి తీరాలి.

"అక్కా, ఫోకస్ పట్టట్లేదు. గరగరమంటూ ముందుకీ వెనక్కీ వెళ్ళి ఆగిపోతోంది" అందా అమ్మాయి.

చెవక్క మీట చూసింది. సరిగ్గానే ఉంది. చుక్కల మీద సన్నటి మురికి పొర కనబడింది. తుడిచింది, తగిలించింది, చెవికి ఆనించింది. ఏదో తిరుగుతోంది, బాగానే ఉన్నట్టుంది. కిటికీలో పెడితే కీచుమని చిన్న కూత కూసి టైలరు బోర్డు మీద అడుగు అక్షరాన్ని కూడా పట్టేసింది.

"చూడు, ఎంత బుద్ధిమంతురాలో" అంది.

"ఇంతేనా అక్కా!" అని అమ్మాయి ఎగురుకుంటూ వెళ్ళిపోయింది.

బుధవారం మళ్ళీ వచ్చింది. ఈసారి ఎగరడం లేదు. చెవక్క అరగంట ఆగి, లెన్సు విప్పింది. లోపల పాత గ్రీజు గట్టిపడి ఉంటే గీకి కొత్తది పూసింది. మోటారుకి వెళ్ళే రిబ్బను తీగ, అంటే కాగితంలా పల్చగా ఉండి లెన్సు ముందుకీ వెనక్కీ కదిలినప్పుడల్లా మడతపడి తెరుచుకునేది, బల్ల మీద బుద్ధిగా పడుకుని ఉంది. దాని మీద ఏ అనుమానమూ రాలేదు. మళ్ళీ బిగించి కిటికీలో నలభైసార్లు పరీక్ష చేసింది. నలభైసార్లూ పాసైంది. అమ్మాయికి ఇస్తూ, "ఇక దీని జోలికి వెళ్ళక్కర్లేదు" అని గట్టిగా చెప్పింది. అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది.

శుక్రవారం మధ్యాహ్నం అమ్మాయి మూడోసారి వచ్చింది. లెన్సు బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూలబడి, మొహం చున్నీలో పెట్టుకుని ఏడ్చింది. చెవక్కకి ఏం చెయ్యాలో తోచక మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. కాసేపటికి అమ్మాయి సంచిలోంచి రెండు ఫోటోలు తీసింది. రెండింట్లోనూ ఏదో గులాబీ రంగు మసక తప్ప ఏమీ లేదు.

"ఒకావిడకి ఆపరేషనయింది అక్కా. ఆడపిల్ల. పుట్టగానే గాజుపెట్టెలోకి తీసుకెళ్ళిపోయారు. ఆవిడకి జ్వరం తగ్గట్లేదని లోపలికి పంపట్లేదు. తొమ్మిది రోజులయింది, ఇంతవరకూ పిల్ల మొహం చూళ్ళేదు. నేను తెచ్చినవన్నీ ఇలాంటివే. నిన్న ఫోటో విసిరికొట్టింది. నా బిడ్డ ఎప్పుడో పోయింది, నాతో చెప్పలేక మీరంతా కలిసి ఇలాంటి కాగితాలు తెచ్చిస్తున్నారు, నాకు తెలుసు, అంది."

"డాక్టర్లు చెప్పరా?"

"అందరూ చెప్పారు. నమ్మట్లేదు. నిన్నటి నుంచి తిండి మానేసింది. పిల్ల నిక్షేపంగా ఉందక్కా, నేను రోజూ చూస్తున్నాగా. ఒక్క మంచి ఫోటో చూపిస్తే చాలు."

ఇన్నేళ్ళలో లెన్సు బాగవకపోతే ఎవరికో కోపం రావడం చెవక్కకి తెలుసు, పని చెడటం తెలుసు. ఒక తల్లి కన్నబిడ్డ బతికి లేదనుకోవడం తన బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. ఆ అమ్మాయి కెమెరా మూతికి సరిపడే వేరే లెన్సు ఇద్దామంటే షాపులో లేదు.

"పోనీ చేత్తో తిప్పుకుని తియ్యలేవా?"

"కుదరదక్కా. రెండు చేతులతో కెమెరాని పైకెత్తి పట్టుకుంటాను. కన్ను ఆనించి చూసే వీలుండదు. ఫోకస్ దానంతటదే పట్టుకోవాలి."

ఆ మాటలోనే జవాబంతా ఉంది. పెద్ద చెవి ఉన్న మనిషి, పేరులోనే చెవి ఉన్న మనిషి, వినలేదు. చెవి లోపం కాదది. మనసంతా ఆ చెవి మీదే ఉంది, తనకి వినబడకపోవడం వల్లే తప్పు దొరకట్లేదని అప్పటికే తీర్పు చెప్పేసుకుంది, ఇంక ఎదుటి మనిషి మాటకి చోటెక్కడ?

"రేపు పొద్దున పదింటికి నేనే ఆసుపత్రికి తీసుకొస్తా" అని లెన్సు ఉంచేసుకుంది.

ఆ మధ్యాహ్నమంతా దాన్ని పెట్టని తిప్పలు లేవు. వెలుతురు తక్కువై పట్టట్లేదేమోనని బీరువా తలుపు కొద్దిగా తెరిచి, లోపలికి తల దూర్చి పరీక్ష చేసింది. పట్టింది. బిడ్డల గదిలో వేడి ఎక్కువేమోనని బల్బు కింద పెట్టి చూసింది. పట్టింది. లేక చల్లదనమేమోనని ఇంటికి తీసుకెళ్ళి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన పెట్టింది. భర్త వంకాయ అనుకుని బయటికి తీసి, ఒకసారి దానివైపు, ఒకసారి భార్యవైపు చూసి, తలుపు మూసేశాడు.

"చెవి చూపించుకోవచ్చుగా" అన్నాడు.

"ఏ చెవి?"

"నేనేమీ అనలేదులే" అని బస్సు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి తీసి, పట్టిన చెమ్మ ఆరేదాకా ఆగి, కిటికీలో పెట్టింది. పాత బట్టలు సరిచేయబడవు. ఒక్క అక్షరం కూడా వదల్లేదు దొంగ మొహంది. చెవక్క తల ప్రాణం తోకకొచ్చింది. సరిగ్గా అప్పుడే తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, సోమవారం నుంచి వస్తావా? కుర్చీ ఖాళీగా ఉంచనా?"

"ఉంచు. ఈ ఒక్క లెన్సు సంగతి ఇవాళ తేలకపోతే వచ్చేస్తా."

రెండేళ్ళుగా వినాలనుకున్న మాటే, తీరా విన్నాక సంతోషం రాలేదు వాడికి. "నీ గొంతు బాలేదే" అన్నాడు.

మామయ్య పద్ధతుల్లో ఇంకొకటుంది. లెన్సే మన దగ్గరికి రావాలి, మనం లెన్సు వెనకాల తిరగకూడదు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో చెవక్క ఏ ఫోటో తీసేచోటికీ వెళ్ళలేదు. తను బాగుచేసిన లెన్సులు తన గడప దాటాక ఎలా బతుకుతున్నాయో ఎన్నడూ చూడలేదు. ఆ రోజు పది కాకముందే షాపుకి తాళం వేసి, లెన్సు చేతిసంచిలో పెట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కింది.

పెద్ద నర్సు ఆవిడని ఎగాదిగా చూసి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడిగించి, నీలం గౌను తొడిగి, టోపీ పెట్టి, మూతికి గుడ్డ కట్టి, "దేన్నీ ముట్టుకోకండి, పదినిమిషాలే" అని లోపలికి వదిలింది. లోపల గోడల వెంబడి ఎనిమిది గాజుపెట్టెలున్నాయి. ఒక్కొక్క పెట్టె పక్కనా ఒక్కొక్క యంత్రం, ఒక్కొక్కదానిదీ ఒక్కొక్క కూత. ఆ గోలలో కుడి చెవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. చెవక్క చివరి ఆశ కూడా అక్కడితో పోయింది. వినడానికే వచ్చింది మరి.

కిటికీ పక్క పెట్టెలో ఆ పాప ఉంది. అరచేతికి కాస్త ఎక్కువ ఉంటుంది. ఊలు టోపీ కింద ముడతల నుదురు, కాళ్ళు మాత్రం ఎవరి మీదో కోపం వచ్చినట్టు తన్నుతున్నాయి. దీన్నా చచ్చిపోయిందనుకుంటోంది వాళ్ళమ్మ, అనుకుంది చెవక్క. కళ్ళు చెమర్చాయి, గౌను చేతితో తుడుచుకోబోతే నర్సు కసిరింది.

ఫోటోల అమ్మాయి కెమెరాకి లెన్సు తగిలించింది. పెట్టె పక్కన చిన్న ఇనుప స్టూలు లాక్కుని పైకెక్కింది. రెండు చేతులతో కెమెరాని పెట్టె మీదుగా చాపి, లెన్సు తిన్నగా నేల వైపు తిప్పి, బటను నొక్కింది. తల నుంచి పాదాల దాకా పడాలిగా మరి. లెన్సు ముందుకి కదిలింది, వెనక్కి కదిలింది, మళ్ళీ ముందుకి జారి ఆగిపోయింది. కెమెరా వెనక తెరలో గులాబీ రంగు మసక.

చెవక్క "దిగకు, అలాగే ఉండు" అని, నర్సు చెప్పింది మర్చిపోయి, చెయ్యి చాపి లెన్సు మీద రెండు వేళ్ళు ఆనించింది. "ఇప్పుడు నొక్కు." వేళ్ళకి తెలిసింది. మోటారు బయల్దేరుతోంది, రెండడుగులు వేస్తోంది, పుటుక్కున ఆగిపోతోంది. "ఇప్పుడు దాని తల పైకెత్తు. గోడని చూపించు. నొక్కు." వేళ్ళ కింద లెన్సు సాఫీగా తిరిగి కీచుమంది. గోడ మీది గడియారం తెరలో చక్కగా పడింది. "మళ్ళీ దించు." ఆగిపోయింది. "ఎత్తు." కీచుమంది.

"అయ్యో నా తెలివి తెల్లారా" అంది చెవక్క, పసిపిల్లల గదిలో ఉన్న సంగతి కూడా మర్చిపోయి. "ఇది కిందికి చూడదు! ఎదురుగా చూస్తుంది, కిందికి చూడదు. నేను ఒక్కసారైనా కిందికి చూపించానా? జన్మలో చూపించానా?"

మామయ్య పట్టుకొయ్య తిన్నగా వీధిలోకి చూస్తుంది. నలభై ఏళ్ళుగా ఆ షాపులోకి వచ్చిన ప్రతి లెన్సూ టైలరు బోర్డునే చూసింది. మామయ్యకి తోచలేదు, తనకీ తోచలేదు. కింద పడుకున్న బిడ్డని చూడాల్సిన లెన్సుని కూడా కోట్లూ ప్యాంట్లూ చూపించి పాస్ చేసి పంపేసింది. తల దించితే లోపలి అద్దం తన బరువుకి తాను కొంచెం కిందికి జారుతుంది, రిబ్బను లాగబడుతుంది. అందులో ఎక్కడో వెంట్రుకవాసి పగులుంది, లాగినప్పుడే తెరుచుకుంటోంది. బల్ల మీద పడుకున్నప్పుడు మూసుకుని, ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

"బాగుచెయ్యడానికి సాయంత్రమవుతుంది" అంది చెవక్క. "కానీ ఆవిడ సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. స్టూలు దిగు. నేల మీద కూర్చుని పెట్టె పక్క గాజులోంచి తియ్యి. ఎదురుగా అయితే చూస్తుందిగా ఇది."

"పక్కనుంచైతే పిల్లంతా పడదక్కా. మొహం, ఒక చెయ్యీ పడతాయి."

"పడినంతే పడనీ."

పెద్ద నర్సు మెత్తటి గుడ్డ తెచ్చి పెట్టె పక్క గోడని తుడిచింది. అమ్మాయి నేల మీద చతికిలబడి, కెమెరాని గోడకి దాదాపు ఆనించి పట్టుకుంది. కీచు. పాప సరిగ్గా అప్పుడే కళ్ళు తెరిచింది, ఎందుకు తెరిచిందో దానికే తెలియాలి. కీచు, కీచు, కీచు.

తల్లి ఉన్న గది పై అంతస్తులో ఉంది. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పళ్ళెంలో రొట్టె, పక్కన బిస్కెట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చెవక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పెద్ద నర్సు ఫోటో తీసుకెళ్ళి చేతిలో పెట్టింది.

"ఎప్పటిదిది?" అంది తల్లి, దానివైపు చూడకుండానే.

"పావుగంట కిందటిది. కాగితం ఇంకా వెచ్చగా ఉంది, కావాలంటే పట్టుకు చూడు."

తల్లి కాగితం మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగానే ఉంది. అప్పుడు చూసింది. చాలాసేపు చూసింది.

"కనురెప్పలకి వెంట్రుకలొచ్చాయి" అంది చివరికి. తర్వాత వేలు ఆనించి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు." తలెత్తింది. కళ్ళలో ఇంకా అనుమానం పూర్తిగా పోలేదు. "రెండో చెయ్యేది? కాళ్ళేవి?"

నర్సు, ఫోటోల అమ్మాయి మొహాలు చూసుకున్నారు. జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది.

"రేపు పొద్దున చూస్తావు. రెండో చెయ్యీ, రెండు కాళ్ళూ, అన్నీ."

"మీరెవరు?"

"లెన్సులు బాగుచేస్తానమ్మా. ఆ మసక నీ బిడ్డది కాదు, లెన్సుది. రెండుసార్లు నా చేతికొచ్చింది, రెండుసార్లూ నేనే కనిపెట్టలేకపోయాను. తప్పంతా నాది, వీళ్ళెవరూ నీ దగ్గర ఏమీ దాయలేదు. కాళ్ళు కూడా చూశాను నేను. ఏం తన్నుడు తంతోందనుకున్నావ్, పెట్టె బద్దలవుతుందేమోనని నాకే భయమేసింది."

తల్లి మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. ఫోటోని దిండు కింద పెట్టుకోబోయి, మళ్ళీ తీసి గుండెల మీద పెట్టుకుంది. "ఆ రొట్టె ఇలా ఇవ్వండి" అంది.

చెవక్క షాపుకి నడిచి రాలేదు, పరిగెత్తినంత పని చేసింది. లెన్సు విప్పి, ఈసారి బల్ల మీద పడుకోబెట్టకుండా, మూతి కిందికి వచ్చేలా ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో భూతద్దం పెట్టి చూసింది. మడత దగ్గర సన్నటి గీత. లెన్సుని పైకి తిప్పితే మాయమైంది, కిందికి తిప్పితే కనబడింది. "దొరికావే" అంది. మామయ్య రేకు డబ్బాల్లో మూడో దానిలో అదే రకం చచ్చిపోయిన లెన్సు తాలూకు రిబ్బను దొరికింది. ఎందుకూ పనికిరావని భార్య ఎన్నిసార్లు పారేయమన్నా మామయ్య పారేయని డబ్బాలవి. రెండు గంటలు పట్టింది టంకం పెట్టడానికి.

బిగించాక అలవాటు కొద్దీ కిటికీ వైపు వెళ్ళి ఆగిపోయింది. ఆ కిటికీ ఇప్పుడు సరిపోదు. స్క్రూడ్రైవరు తీసుకుని, "ఏమనుకోకు మామయ్యా" అని, ఆ పట్టుకొయ్య నాలుగు స్క్రూలూ విప్పింది. తుప్పుపట్టి మొరాయించాయి, గట్టు మీద రంగు పెచ్చులూడింది. మనసు చివుక్కుమంది, అయినా ఆగలేదు. పట్టుకొయ్యని బల్ల అంచుకి, కెమెరా నేలని చూసేలా బిగించింది. నేల మీద చూడటానికి ఏముంది? తమ్ముడికి ఫోను చేసింది.

"మీ షాపులో కళ్ళ పరీక్షకి పెడతారే, పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాల దాకా ఉండే అట్ట, అది ఒకటి పట్రా. ఇప్పుడే."

తమ్ముడు పావుగంటలో వచ్చాడు, చంకలో అట్ట పెట్టుకుని. అక్క వస్తానన్న సోమవారం సంగతి మాట్లాడటానికి మొహం సిద్ధం చేసుకుని వచ్చాడు పాపం. అక్కేమో అట్ట లాక్కుని, నేల మీద పరిచి, నాలుగు మూలలా టేపు అంటించింది.

"నేలకి చూపు తగ్గిందా ఏంటే?" అన్నాడు.

"నేలకి కాదురా, నాకు తగ్గింది. నువ్వూరుకో" అని బటను నొక్కింది.

కీచు. అన్నిటికన్నా కింద వరస, అన్నిటికన్నా చిన్న అక్షరాలు తెరలో చక్కగా పడ్డాయి. కుడి చెవి ఆనించబోయి, మానేసి, తల అటు తిప్పి ఎడమ చెవి ఆనించింది. రెండు వేళ్ళు లెన్సు మీద పెట్టింది. చెవికి సగం వినబడింది, మిగతా సగం వేళ్ళు చెప్పాయి. కిందికి నలభైసార్లు, ఎదురుగా నలభైసార్లు, వెల్లకిలా పెట్టి కప్పు వైపు ఇంకో నలభైసార్లు నొక్కింది. తమ్ముడు లెక్కపెట్టాడు. అక్క మీద లెక్కల విషయంలో నమ్మకం లేదు వాడికి.

"అయితే సోమవారం?" అన్నాడు మెల్లగా.

"వస్తా. మీ షాపు పక్కన చెవుల డాక్టరున్నాడుగా, ఆయన దగ్గరికి. కుడి చెవి ఏడాదిగా సరిగ్గా వినబడట్లేదురా. చూపించుకుని, ఏం పెట్టుకోమంటే అది పెట్టుకుని, తిన్నగా ఇక్కడికొచ్చి నా షాపు నేను తెరుచుకుంటా. ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో."

ఏడాదిగా మింగుతూ వచ్చిన మాట అంత తేలిగ్గా బయటికొచ్చేసరికి ఆవిడకే ఆశ్చర్యమేసింది. తమ్ముడు వంగి, అట్ట మూల టేపు ఒకటి ఊడుతుంటే వేలితో గట్టిగా నొక్కాడు.

పట్టుకొయ్య కిటికీలో లేకపోవడం వీధి అవతల నుంచి టైలరు చూశాడు. చేతిలో కొలతల టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమ్మాయ్, ఇప్పుడైనా నా బోర్డుకి రంగేయించుకోనా?"

చెవక్క ఆలోచించింది. "వేయించుకో బాబాయ్, నీ ఇష్టం. ఆ ఆఖరి లైను మాత్రం ముట్టుకోకు. ఎదురుగా చూసేవి కూడా వస్తుంటాయిగా."

టైలరు నెత్తి కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. చీకటి పడేలోగా ఫోటోల అమ్మాయి వచ్చి లెన్సు పట్టుకెళ్ళింది.

ఆదివారం షాపు సెలవు. పొద్దున్నే లేచి, ఏ పనీ చెయ్యబుద్ధికాక, ఫోను ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంది చెవక్క. ఎనిమిదయింది, తొమ్మిదయింది. పరీక్ష పాసైన లెన్సు ఇదివరకు కూడా రెండుసార్లు షాపుకి తిరిగొచ్చింది కదా అని ఒకటే పీకులాట. భర్త వచ్చి పక్కన, ఎడమ వైపునే, కూర్చున్నాడు. పదికి పది నిమిషాలుందనగా ఫోను మోగింది. ఎడమ చెవికి పెట్టుకుంది.

"అక్కా," అంది ఫోటోల అమ్మాయి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, "ఇరవై. రెండుసార్లు లెక్కపెట్టిందక్కా. ఇరవై."